గోడ చెమ్మ చూడటానికి ఇంజనీరు వస్తున్నారా? ఇల్లు ఇలా సిద్ధం చేసుకోండి

వానలు సగం పడేసరికి చాలా ఇళ్లలో ఒకటే గొడవ. బెడ్‌రూమ్ గోడ మీద పసుపు మచ్చ, బాత్రూమ్ వెనక గోడకి ఉబ్బిన పెయింట్, వంటింటి స్లాబు నుంచి రాలే పెచ్చులు. మేస్త్రీని పిలిస్తే "గీకి, పుట్టీ కొట్టి డ్యాంప్ ప్రూఫ్ వేద్దాం సార్, ఇక చూడక్కర్లేదు" అంటాడు. వేస్తాడు కూడా. మళ్లీ ఏడాది జులైకి మచ్చ అక్కడే తేలుతుంది. ఒకటి రెండు సార్లు డబ్బు అలా పోయాక గానీ, ఒక సివిల్ ఇంజనీరునో వాటర్‌ప్రూఫింగ్ తెలిసినవాళ్లనో పిలిచి కారణం కనుక్కుందాం అన్న ఆలోచన రాదు.

వచ్చినవాళ్లు ఉండేది గంట, మహా అయితే రెండు గంటలు. ఆ కాస్త టైమ్‌లో నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో తేల్చాలి. మచ్చ కనబడే చోటు ఒకటి, నీళ్లు చొరబడే చోటు ఇంకొకటి కావడమే చెమ్మతో వచ్చే చిక్కు. స్లాబులోకి దిగిన నీళ్లు లోపల వాలు ఎటుంటే అటు పాకి, ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటపడతాయి. అందుకే మీ వైపు నుంచి కాస్త తయారీ ఉండాలి. అయితే ఇది పెళ్ళిచూపులు కాదు, ఇల్లు ముస్తాబు చేయకండి. ఆనవాళ్లు ఉన్నవి ఉన్నట్టు ఉంచడం, ప్రతి మూలకీ దారి ఇవ్వడం, ఇన్నాళ్లూ మీరు చూసింది చెప్పగలగడం: మీ పని ఈ మూడే.

ముందు, ముట్టుకోకూడనివి

ఇన్‌స్పెక్షన్ తేదీ ఖాయమయ్యాక గోడకి పెయింట్, పుట్టీ, కెమికల్ ఏదీ వేయకండి. ఉప్పు పూస్తే తెల్లటి పొడిని గీకేయకండి. గోడలో నీళ్లు పైకొచ్చి ఆవిరయ్యే చోట, వాటిలో కరిగిన లవణాలు మిగిలిపోవడం వల్ల ఆ పొడి వస్తుంది. అది ఎంత ఎత్తున ఉంది, ఒక పట్టీలా సాగిందా, ఒక్కచోటే కుప్పపడిందా అన్నది చూసే సగం సంగతి అర్థమవుతుంది. నేల నుంచి ఎక్కే చెమ్మ గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తులో గీత గీస్తుంది. సాధారణంగా మూడడుగుల లోపే ఆగుతుంది. పైపు లీకయితే మచ్చ ఒక చోట మొదలై చుట్టూ పాకుతుంది. మీరు శుభ్రం చేసేస్తే ఈ తేడా చెప్పడానికి ఏమీ మిగలదు.

నల్ల బూజు సంగతి వేరు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లో పసిపిల్లలో ఉంటే నాలుగు రోజులు అలాగే ఉంచమని ఎవరూ అనరు. ఫొటోలు తీసుకుని, మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడిచేయండి. ఒక మూల అరచేయంత మాత్రం వదలండి. కుదిరితే ఆ గదిలో పడుకోవడం మానేయండి.

రెండు విషయాల్లో మాత్రం ఇన్‌స్పెక్షన్ దాకా ఆగొద్దు. ఒకటి కరెంటు. చెమ్మ పట్టిన గోడలో స్విచ్‌బోర్డు ఉన్నా, గోడ ముట్టుకుంటే జిల్లుమన్నా, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఊరికే పడిపోతున్నా ఆ లైను ఎంసీబీ ఆపేసి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. రెండు, స్లాబు పెచ్చులు. లోపలి ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, కాంక్రీటుని బయటికి తోస్తుంది. కడ్డీలు కనబడుతున్నా, తడితే బోలుగా చప్పుడొస్తున్నా దాని కింద మంచం, ఉయ్యాల ఉంచకండి. వదులుగా వేలాడేదాన్ని కర్రతో పొడిచి చూసే సాహసం కూడా వద్దు.

ఏ నెలలో పిలవాలి

మే నెలలో పిలిచి "వానాకాలంలో ఇక్కడ కారుతుందండీ" అని ఎండిపోయిన గోడని చూపిస్తే ఎవరైనా ఊహించి చెప్పాల్సిందే. తెలంగాణలో, ఉత్తరాంధ్రలో ఆగస్టు, సెప్టెంబరు మంచి సమయం. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ కాబట్టి నవంబరు ప్రాంతంలో చూపించుకోవడం మేలు. రెండు మూడు రోజులు గట్టిగా కురిసి తెరిపిచ్చిన మర్నాడు దొరికితే అంతకన్నా ఏం కావాలి.

అలాగని వేసవిలో పిలవడం ప్రతిసారీ దండగ కాదు. ఏప్రిల్‌లో కూడా మచ్చ తడిగానే ఉంటే అది వాన నీరు కాదని దాదాపు తేలిపోయినట్టే. పైపు, బాత్రూమ్, సంపు, ట్యాంకు, వీటిలో ఒకదాన్ని అనుమానించాలి.

వారం ముందు నుంచి చేయాల్సినవి

పెన్సిల్ తీసుకుని మచ్చ అంచు చుట్టూ గీత గీయండి. పక్కన తేదీ వేయండి. రెండు మూడు రోజులకోసారి చూసి, మచ్చ పాకితే ఇంకో గీత, ఇంకో తేదీ. ఖర్చు లేని పని. వచ్చిన ఇంజనీరుకి ఇంతకన్నా పనికొచ్చేది మీరు ఇవ్వలేరు. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలో టేపో పెట్టండి. దగ్గర నుంచి ఒకటి, గది మొత్తం కనబడేలా దూరం నుంచి ఒకటి తీయండి. దగ్గర ఫొటోలే ఉంటే అది ఏ గోడో నెల తర్వాత మీకే గుర్తుండదు.

ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసిపెట్టుకోండి. మచ్చ మొదట ఎప్పుడు కనబడింది? వాన పడ్డ ఎంతసేపటికి తడి పెరుగుతోంది, గంటలోనా, మర్నాడా? వాన లేని రోజుల్లో ఏమవుతోంది? మోటారు వేసి ట్యాంకు నింపాక, పైవాళ్లు బట్టలు ఉతికాక, గీజర్ వేశాక తేడా ఉందా? ఇంట్లో పనిమనిషినీ వాచ్‌మన్‌నీ కూడా అడగండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఏం జరుగుతోందో వాళ్లే చూస్తారు.

పైపు అనుమానం ఉంటే రాత్రి ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. అందరూ పడుకునే ముందు నీళ్ల మీటరు రీడింగు ఫొటో తీసి, కొళాయిలేవీ తిప్పకుండా, పొద్దున లేవగానే మళ్లీ చూడండి. మీటరు దగ్గర వాల్వు తెరిచే ఉండి, ట్యాంకులోకి నీళ్లు పడకుండానే అంకె కదిలిందంటే నీళ్లు ఎక్కడో పోతున్నట్టే. మన ఇళ్లలో ఎక్కువగా పైట్యాంకు నుంచే నీళ్లు వస్తాయి కాబట్టి మీటరు ఒక్కటే చూస్తే చాలదు. ట్యాంకు లోపల నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టి, మోటారు ఆపి, పొద్దున చూడండి. ఫ్లష్ ట్యాంకుల కింద ఉన్న స్టాప్ కాక్‌లు కట్టేయడం మరవొద్దు. చాలాసార్లు దొంగ అక్కడే ఉంటుంది, గోడలో కాదు.

ఏసీ గది గోడల మీద తడి, బీరువా వెనక బూజు, వీటికి ఇంకో పరీక్ష ఉంది. అడుగు చదరం పాలిథీన్ షీటు తీసుకుని నాలుగు వైపులా టేపుతో గోడకి గాలి పోకుండా అంటించండి. రెండు రోజులాగి చూడండి. గోడ వైపు చెమర్చితే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు చెమర్చితే గాలిలో తేమ చల్లటి గోడకి తగిలి నీరవుతోంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఈ రెండోది తక్కువేం కాదు. బయట 30 డిగ్రీల వేడి, గాలిలో 80 శాతం తేమ ఉన్నప్పుడు 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీళ్లు పడతాయి. మీరు ఏసీ 20లో పెట్టుకుంటే పక్క గది గోడ చెమర్చడంలో వింతేముంది? ఈ కేసులో వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ ఎన్ని కోటింగులు వేసినా ఉపయోగం లేదు.

అపార్ట్‌మెంట్ అయితే పైవాళ్లతో ముందే మాట్లాడండి

ఫ్లాట్లలో అసలు పని సగం ఇదే. మీ బాత్రూమ్ సీలింగ్ తడిస్తే చూడాల్సింది మీ ఇల్లు కాదు, పై ఇల్లు. ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున బెల్లు కొట్టి "మీ బాత్రూమ్ కారుతోంది" అంటే తలుపు తీసినవాళ్లు ముందు తమ తప్పు లేదనే మాట్లాడతారు. నాలుగు రోజుల ముందే, అందరి మధ్యా అసోసియేషన్ గ్రూపులో కాకుండా, విడిగా అడగండి. ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్కారమండీ. మా బాత్రూమ్ సీలింగ్‌లో చెమ్మ వస్తోంది. ఎక్కణ్ణించో ఇంకా తెలీదు. శనివారం పొద్దున పదింటికి ఇంజనీరు గారు చూడటానికి వస్తున్నారు. మీకు వీలైతే ఒక్క పావుగంట మీ బాత్రూమ్ కూడా చూడనిస్తారా? ఏదీ పగలగొట్టరండీ, చూడటమే."

"ఇంకా తెలీదు" అన్న మాట అబద్ధం కాదు. నిజంగానే తెలీదు. పైవాళ్ల బాత్రూమ్ అనుకున్నది చివరికి డక్టులో (అన్ని ఫ్లాట్ల పైపులు దిగే సందులో) పోయే కామన్ పైపు అని తేలిన కేసులు బోలెడు. అప్పుడు ఖర్చు వాళ్లది కాదు, అసోసియేషన్‌ది.

పైవాళ్లు కాస్త సహకరిస్తారనుకుంటే, తేదీకి ముందే ఈ వరుసలో చేసి చూడొచ్చు. ముందు రెండు రోజులు ఆ ఒక్క బాత్రూమ్ వాడకుండా వదిలేయమనండి, కానీ పైపులో నీళ్లు ఉండనివ్వాలి. అప్పటికీ కింద బొట్లు ఆగకపోతే ఎప్పుడూ నీటి ఒత్తిడి ఉండే సప్లై పైపు మీద అనుమానం. ఆగిపోతే డ్రైనేజీ పైపు, లేదా ఫ్లోర్. తర్వాత రంగు కలిపిన రెండు బకెట్ల నీళ్లు నేల తడవకుండా నేరుగా నహానీ ట్రాప్‌లో (బాత్రూమ్ నేల నీళ్లు పోయే జాలీ రంధ్రంలో) పోయండి. రంగు కిందికి దిగితే ట్రాప్ జాయింటో పైపో. దిగకపోతే ట్రాప్ మూసి నేల మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలబెట్టి ఒక రోజంతా ఉంచాలి. అప్పుడు కారితే టైల్స్ సందులు, కింద వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టు.

ఒక జాగ్రత్త. చాలా ఇళ్లలో బాత్రూమ్ స్లాబుని కిందికి దించి, ఆ గుంతని ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేస్తారు. ఆ నింపుడులోకి చేరిన నీళ్లకి బయటికి పోయే దారి ఉండదు. అలాంటి చోట రెండు రోజులు వాడకపోయినా పాత నీళ్లే వారాల తరబడి బొట్లుబొట్లుగా దిగొచ్చు. రంగు కనబడటానికి కూడా కొన్ని రోజులు పట్టొచ్చు. అందుకని మీ పరీక్ష ఫలితాన్ని తీర్పుగా కాక, చేసింది చేసినట్టు, చూసింది చూసినట్టు ఇంజనీరుకి చెప్పండి.

లోపల, బయట దారి

గోడకి ఆనించిన బీరువా, మంచం, సోఫా రెండడుగులు ఇవతలికి జరపండి, అదీ ముందురోజే. సింకు కింద అరలు, గీజర్ చుట్టూ, అటక మీద సామాన్లు ఖాళీ చేయండి. ఫాల్స్ సీలింగ్ ఉంటే దాని తలుపు ఎక్కడుందో చూసుకోండి. లేకపోతే ముందే చెప్పండి, ఎక్కడో ఒకచోట కోయాల్సి రావొచ్చు. మాడ్యులర్ కిచెన్ వెనక పలక విప్పడానికి కార్పెంటర్ కావాలంటే ఆ పూటకి పిలుచుకోవడమే. చెమ్మ గోడ పూజ గదిదైతే, పటాలు ముందురోజే వేరేచోటికి మార్చేస్తే ఆ రోజు మొహమాటాలు ఉండవు.

తాళాలు మర్చిపోతారు. డాబా తాళం, డక్టు తలుపు, లిఫ్ట్ పక్కన మీటర్ల గది, సంపు మూత. వాచ్‌మన్ ఊరెళ్తే సగం ఇన్‌స్పెక్షన్ అక్కడితో ఆగిపోతుంది. తాళాలు ముందే తెప్పించి పెట్టుకోండి, ఒక నిచ్చెన కూడా.

డాబా మీద నీళ్లు నిలిచిన చోట్లు ఎండాక కూడా మరకలా తెలుస్తాయి. వాన ఆగగానే వెళ్లి ఫొటో తీయండి. వాన నీటి గొట్టం ఆకులతో మూసుకుపోయి ఉంటే ఫొటో తీశాకే శుభ్రం చేయండి, శుభ్రం చేసిన తేదీ చెప్పండి. పిట్టగోడ సందులో మొలిచిన రావి మొక్కని పీకేయకండి. దాని వేరు ఎటు పోయిందో చూస్తే పగులు ఎటు పోయిందో తెలుస్తుంది. సన్‌షేడ్‌ల పైభాగం, కిటికీ కింద అంచు, ఏసీ నీళ్ల గొట్టం ఎక్కడ పడుతోంది, ఇవి కింద నిలబడి చూస్తే కనబడవు. పక్కింటి మేడ నుంచి ఫోనుతో జూమ్ చేసి తీస్తే చాలు.

ఇండిపెండెంట్ ఇల్లయితే గోడ చుట్టూ ఒకసారి తిరగండి. పూలకుండీలు, ఇటుకల కుప్ప, పాత తలుపులు గోడ దగ్గర నుంచి తీసేయండి. మొక్కల కోసం పోసిన మట్టి ఎంత ఎత్తుకి వచ్చిందో కొలవండి. పునాది మీద గోడ మొదలయ్యే చోట చెమ్మ పైకి ఎక్కకుండా వేసే పొర ఒకటి ఉంటుంది, డీపీసీ అంటారు. మట్టి దాన్ని దాటిపోతే ఆ పొర ఉన్నా లేనట్టే. మన ఊళ్లలో దీనికి తోడు రోడ్డు. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోతే, కట్టినప్పుడు మూడు మెట్లు ఎక్కి లోపలికెళ్లిన ఇల్లు ఇప్పుడు రోడ్డుకి సమానంగానో, పల్లంలోనో ఉంటుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ప్లింత్ (ఇంటి అరుగు మట్టం) చుట్టుపక్కల నేల కన్నా కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తుండాలి. మీది ఇప్పుడు ఎంత ఉందో టేపు పెట్టి చూసి రాసుకోండి. గృహప్రవేశం నాటి ఫొటోల్లో మెట్లు కనబడితే అదీ తీసి పెట్టండి.

పాత సున్నపు గోడల ఇళ్లవాళ్లకి ఒక మాట. డంగు సున్నంతో కట్టిన గోడ తడిని పీల్చుకున్నా, మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తేనో, మచ్చ కనబడకుండా నాలుగడుగుల టైల్స్ అంటిస్తేనో తడి ఆరే దారి మూసుకుపోయి టైల్స్ పైన కొత్త మచ్చ మొదలవుతుంది. అలాంటి రిపేరు ఎప్పుడు, ఎంత ఎత్తు వరకు చేయించారో తప్పక చెప్పండి.

కాగితాలు

ఇంటి ప్లాను, పైపులు ఎటు పోయాయో చూపే డ్రాయింగ్ ఉంటే అది, ఇదివరకటి రిపేర్ల బిల్లులు, వాడిన కెమికల్ పేరు, వారంటీ కార్డు. డ్రాయింగ్ లేకపోతే, కట్టేటప్పుడు తీసిన ఫొటోలు వెతకండి. కొత్త ఫ్లాటైతే అప్పగించిన తేదీ ఉన్న లెటర్ చాలా ముఖ్యం. 2016 రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు చేతికొచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపమో పనితనం లోపమో బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. మీరు ఆ గడువులో ఉంటే సొంతంగా పగలగొట్టించకండి. ముందు ఫొటోలతో ఈమెయిల్ పెట్టి, తర్వాతే ఇన్‌స్పెక్షన్ చేయించండి. ఫోన్లో చెప్పింది రేపు చూపించలేరు.

అద్దెకుంటే ఓనరుకి చెప్పకుండా పిలవొద్దు. ఆయన్నీ ఆ టైముకి రమ్మనండి. రిపేరు ఖర్చు పెట్టేది ఆయనే కాబట్టి, కారణం ఆయన చెవిన పడాలి.

ఆ రోజు

వచ్చే ముందు కొన్ని గంటలు ఏసీ ఆపేయండి. గోడ వైపు ఫ్యాను తిప్పకండి. థర్మల్ కెమెరా తెస్తే అది చూసేది నీళ్లని కాదు, వేడిలో తేడాని. ఏసీతో చల్లబడిన గోడ కూడా దానికి తడి గోడలానే కనబడుతుంది. మోయిశ్చర్ మీటరుకీ ఇలాంటి బలహీనతే ఉంది. రెండు సూదులు గోడకి గుచ్చి కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసేదది. ఉప్పు నిండిన గోడ పెద్దగా తడి లేకపోయినా ఎక్కువ అంకె చూపిస్తుంది. అందుకే మొదట ఇంట్లో బాగా పొడిగా ఉన్న గోడ మీద ఒక రీడింగు తీసి చూపించమని అడగండి. తర్వాత మచ్చ మీద కింద, మధ్యన, పైన తీయించి, అంకెల్ని ఫొటోతో రాసుకోండి. ఒక్క అంకె చూపించి "చూశారా, ఎంతుందో" అంటే భయపడాల్సిన పనిలేదు.

మీ అభిప్రాయం ముందే చెప్పేయకండి. "పైవాళ్లదే అండీ" అని మొదలుపెడితే వచ్చినాయన కూడా అటే చూస్తారు. కాగితం మీద రాసుకున్నది ఇవ్వండి, అడిగినదానికి జవాబు చెప్పండి. ఆయన చూడటం అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి: నీళ్లు ఎక్కణ్ణించి? ఏం చూసి అలా అనుకుంటున్నారు? ఇంకేం కారణాలు కావని ఎలా తేల్చారు?

ఫ్రీ ఇన్‌స్పెక్షన్ అని వచ్చేవాళ్లు సాధారణంగా ఏదో ఒక కెమికల్ అమ్మేవాళ్లే. వాళ్ల పని బాగోదని కాదు, కానీ వాళ్లు చెప్పే జవాబు వాళ్ల డబ్బాలోదే అవుతుంది. చిన్న మచ్చకి అది చాలు. స్లాబు దెబ్బతిన్నా, రెండు ఫ్లాట్ల మధ్య తగాదా ఉన్నా ఏమీ అమ్మని ఇంజనీరుకి ఫీజు ఇచ్చి, రాతపూర్వక రిపోర్టు తీసుకోవడమే నయం. ఆ రిపోర్టులో మచ్చల చోట్లు, రీడింగులు, కారణం, చేయాల్సిన పని వరుస ఉండాలి. నీటి దారి మూయడం ముందు, గోడ ఆరనివ్వడం తర్వాత, ప్లాస్టరు, పెయింటు చివర. తొమ్మిదంగుళాల గోడ బాగా నానితే ఆరడానికి నెలలు పడుతుంది. వారంలో పెయింటుతో సహా అప్పగిస్తామన్నవాళ్లకి ఆ రోజే అడ్వాన్సు ఇవ్వకండి.